సముద్రతీరపు తేమ వాతావరణంలో కట్టడ సామగ్రి ఎంపిక, అమరిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉష్ణమండల తీరప్రాంతాల్లో కొత్తగా భవనం కట్టదలచినవారు, కట్టిన భవనం పెచ్చులూడుతుంటే ఏం చేయాలో పాలుపోనివారు తరచుగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. ఇవి స్ట్రక్చరల్ ఇంజినీరు వేసే లెక్కలకు బదులు కావు. ఆ ఇంజినీరును, మేస్త్రీని, వెల్డరును ఏమని అడగాలో, పని జరుగుతున్నప్పుడు ఎక్కడ నిలబడి చూడాలో తెలుసుకోవడానికి పనికొస్తాయి.

అదే సిమెంటు, అదే ఇనుము వాడినా తీరంలోని భవనం తొందరగా ఎందుకు పాడవుతుంది?

అలలు విరిగినప్పుడు లేచే సన్నని తుంపరలు గాలిలో కొట్టుకొచ్చి గోడల మీద, గ్రిల్స్ మీద, రేకుల మీద ఉప్పుగా పేరుకుంటాయి. ఆ ఉప్పు పొడిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయదు, కానీ దానికి గాలిలోని తేమను లాక్కుని కరిగిపోయే గుణం ఉంది. సాపేక్ష ఆర్ద్రత సుమారు 75 శాతం దాటితే సోడియం క్లోరైడ్ తనంత తానే ద్రవంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో కొంత పాలు ఉండే మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం దగ్గరే ఆ పని చేస్తుంది. తేమ నిండిన ఉష్ణమండల తీరంలో రాత్రిపూట ఆర్ద్రత ఈ హద్దులకు పైనే ఉంటుంది కాబట్టి, వారాల తరబడి వాన లేకపోయినా ఉప్పు పడిన లోహం మీద సన్నని ఉప్పునీటి పొర నిలిచే ఉంటుంది. తుప్పు పట్టించే విద్యుద్రసాయన చర్య ఆ పొరలోనే జరుగుతుంది, వేడికి మరింత వేగం అందుకుంటుంది. అందుకే చల్లని తీరాల కోసం రాసిన సూచనలను ఇక్కడ ఉన్నవి ఉన్నట్టుగా వాడితే చాలవు.

సముద్రానికి ఎంత దూరంలో ఉంటే ఈ జాగ్రత్తలు అవసరం?

ఒక్క అంకెతో తేల్చి చెప్పగలిగిన విషయం కాదిది. గాలిలో ఉప్పు మోతాదు తీరం నుంచి మొదటి కొన్ని వందల మీటర్లలో బాగా పడిపోతుంది. అయితే అలలు గట్టిగా విరిగే తీరమా, ప్రశాంతమైన అఖాతమా, ఏడాదిలో ఎక్కువ కాలం గాలి ఎటునుంచి వీస్తుంది, మధ్యలో చెట్లూ కట్టడాలూ ఉన్నాయా అన్నదాన్ని బట్టి ఆ దూరం కిలోమీటర్లకు కూడా సాగవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9223 వాతావరణపు తుప్పు తీవ్రతను సి1 నుంచి సి5 వరకు, దానిపైన సిఎక్స్ అనే వర్గంగా విడదీసింది. సి3లో పూత లేని మామూలు ఉక్కు మొదటి ఏడాదిలో 25 నుంచి 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం కోల్పోతే, సి5లో 80 నుంచి 200, సిఎక్స్‌లో 200 నుంచి 700 మైక్రాన్ల దాకా కోల్పోతుంది. అలలకు ఎదురుగా ఉన్న ఉష్ణమండల స్థలాన్ని సి5 కన్నా తక్కువగా అంచనా వేయడం మంచిది కాదు.

కొలతలు తీయించే వీలు లేనప్పుడు చుట్టుపక్కల చూసి అంచనాకు రావచ్చు. దగ్గరలో నాలుగైదేళ్ల కిందట బిగించిన గేట్ల మడతబందులు, ఏసీ స్టాండ్లు, విద్యుత్ స్తంభాల క్లాంపులు, బోర్డులు బిగించిన స్క్రూల తలలు ఏ స్థితిలో ఉన్నాయో దగ్గరికి వెళ్లి పరిశీలించాలి. పెయింటు కింద ఉబ్బిన చోట గోటితో గీరితే కింద మెరిసే లోహం కనిపిస్తుందా, పొరలు పొరలుగా రాలుతుందా అన్నది ఎంతో కొంత నిజం చెబుతుంది.

వాన తగలకుండా చూరు కింద పెట్టిన లోహం భద్రంగా ఉంటుంది కదా?

చాలామంది పొరబడేది ఇక్కడే. తీరంలో వాన శత్రువు కాదు, చాలా చోట్ల అదే ఉచితంగా కడిగిపెట్టే నీరు. నేరుగా వాన పడే ఉపరితలం మీద పేరుకున్న ఉప్పు ప్రతి జల్లుకూ కొట్టుకుపోతుంది. చూరు కింద, బాల్కనీ పైకప్పు అడుగున, కారు షెడ్డు దూలాల పైఅంచుల మీద పడిన ఉప్పు మాత్రం ఏళ్ల తరబడి అక్కడే ఉండి, ప్రతి రాత్రీ తేమ పీల్చుకుంటుంది. ఏదైనా పాత గ్రిల్‌ను జాగ్రత్తగా చూస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది: ఊచల వెలుపలి ముఖం మీద పెయింటు ఇంకా నిలిచి ఉంటుంది గానీ, గోడవైపు ముఖమూ, రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి కలిసే చోటూ గోధుమరంగు పొట్టుగా లేచిపోయి ఉంటాయి.

కాబట్టి ఎంపిక నియమం సాధారణ ఊహకు తలకిందులుగా ఉంటుంది. వాన కడగని చోట, చేయి పెట్టి కడగడానికి వీలులేని చోట అన్నిటికన్నా మెరుగైన లోహం వాడాలి, లేదా లోహమే లేకుండా చూసుకోవాలి. చేతికి అందే చోట, వానకు తడిసే చోట కాస్త తక్కువ రకంతో సరిపెట్టుకోవచ్చు. ఈ పేజీలోని మిగిలిన జవాబులు చాలావరకు ఈ ఒక్క సూత్రం నుంచే వస్తాయి: నీరు త్వరగా జారిపోవాలి, ఉప్పు కడుక్కుపోవాలి, తడిసినది ఆరాలి.

కాంక్రీటు విషయంలో ఏది ముఖ్యం: గ్రేడా, కవరింగా?

గ్రేడు అంటే కాంక్రీటు బలపు స్థాయి, కవరింగు అంటే కడ్డీకీ బయటి ముఖానికీ మధ్య ఉండే కాంక్రీటు మందం. రెండూ అవసరమే, కానీ పని జరిగే చోట ఎక్కువగా నష్టపోయేది కవరింగు. కారణం అర్థం కావాలంటే లోపల జరిగేది తెలియాలి. మంచి కాంక్రీటు పీహెచ్ విలువ 12.5కు పైన ఉంటుంది. అంత క్షారగుణంలో కడ్డీ మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొర ఏర్పడి ఇనుమును కాపాడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లమెల్లగా లోపలికి చొచ్చుకుపోయి పీహెచ్‌ను 9 దరిదాపులకు దించినప్పుడు ఆ పొర పోతుంది. క్లోరైడ్ అంతవరకు ఆగదు. కాంక్రీటు క్షారగుణం చెక్కుచెదరకుండా ఉన్నా సరే, తగినంత మోతాదులో కడ్డీని చేరిందంటే పొరను అక్కడక్కడా ఛేదించి గుంటలు పడేలా చేస్తుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. కాంక్రీటు ఆ ఒత్తిడిని తట్టుకోలేక కడ్డీ వెంబడి పగులుతుంది, ఆపైన పెచ్చులుగా ఊడుతుంది.

క్లోరైడ్ కడ్డీని చేరడానికి పట్టే కాలం కవరింగు మందానికి ఇంచుమించు వర్గానుపాతంలో ఉంటుంది. అంటే 45 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 25 మాత్రమే ఉంటే ఆయువు సగానికి కాదు, మూడో వంతుకు పడిపోతుంది. ఉదాహరణకు భారతీయ ప్రమాణం ఐఎస్ 456 : 2000 తీరపు గాలికి నేరుగా గురయ్యే ఆర్‌సీసీకి కనీసం ఎం 30 గ్రేడు, 45 మి.మీ. కవరింగు, ఘనపు మీటరుకు కనీసం 320 కిలోల సిమెంటు, 0.45 మించని నీరు–సిమెంటు నిష్పత్తి నిర్దేశిస్తుంది. సముద్రపు తుంపర పడే చోట ఎం 35, 50 మి.మీ., 340 కిలోలు కావాలంటుంది. ఏ దేశపు ప్రమాణం తీసుకున్నా ధోరణి ఇదే.

కాగితం మీది 45 మి.మీ. నిజంగా 45గా ఉండాలంటే కవర్ బ్లాకుల మీద దృష్టి పెట్టాలి. కంకర రాళ్లు, ఇటుక ముక్కలు, కడ్డీ తుంపులు పెట్టి కడ్డీలను ఎత్తే అలవాటును తీరంలో పూర్తిగా మానుకోవాలి. స్లాబుకు వేసే కాంక్రీటంత గట్టి కాంక్రీటుతో పోసిన బ్లాకులే పెట్టాలి. ఇంకొక చిన్న విషయం బైండింగ్ వైరు. ముడివేశాక మిగిలిన కొసలు షట్టరింగు వైపు పొడుచుకుని ఉంటే, స్లాబు అడుగున కాంక్రీటు పైపైనే ఆ తీగ కొసలు ఉండిపోతాయి. తొలి గోధుమరంగు చుక్కలు అక్కడే కనిపిస్తాయి. కాంక్రీటు పోయడానికి ముందు ఒక మనిషి కటింగ్ ప్లేయరుతో ఆ కొసలన్నిటినీ లోపలికి వంచితే సరిపోతుంది. ఈ పని గురించి ఏ డ్రాయింగులోనూ ఉండదు కాబట్టి యజమానే గుర్తుచేయాలి.

మిక్సు గట్టిగా ఉందని అక్కడికక్కడే నీళ్లు కలపడం నిష్పత్తిని పాడుచేస్తుంది. పారుదల కావాలంటే నీరు పెంచకుండానే మిక్సును జారేలా చేసే ప్లాస్టిసైజరు అనే రసాయనం వాడాలి. వైబ్రేటరు సరిగా తిప్పకపోతే మిగిలే తేనెపట్టు గుల్లలను సిమెంటు పూసి కప్పిపెట్టినా క్లోరైడు దారి మూసుకుపోదు. నీళ్లు కట్టడం కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ (బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద) లేదా స్లాగ్ (ఉక్కు కర్మాగారపు చిట్టెం) కలిసిన సిమెంటు అయితే 10 రోజులకు తగ్గకుండా సాగాలి. బయటి 50 మి.మీ. పొరే కడ్డీకి కవచం; ముందుగా ఆరిపోయి దెబ్బతినేదీ ఆ పొరే.

సముద్రం దగ్గర సల్ఫేట్ నిరోధక సిమెంటే వాడాలా?

సముద్రపు నీటిలో సల్ఫేట్ ఉన్న మాట నిజమే గానీ, కడ్డీలున్న కాంక్రీటును ముందుగా దెబ్బతీసేది క్లోరైడ్. సల్ఫేట్ నిరోధక సిమెంటులో ట్రైకాల్షియం అల్యూమినేట్ అనే పదార్థాన్ని బాగా తగ్గిస్తారు. చిక్కేమిటంటే, లోపలికి వచ్చే క్లోరైడ్‌లో కొంత భాగాన్ని బంధించి కదలకుండా చేసేది కూడా ఆ పదార్థమే. అందువల్ల తీరంలోని ఆర్‌సీసీ పనికి స్లాగ్ సిమెంటు, లేదా ఫ్లై యాష్ కలిసిన పోజోలానా సిమెంటు మెరుగైన ఎంపిక. వీటితో కాంక్రీటు రంధ్రాలు సన్నబడి క్లోరైడ్ ప్రయాణం చాలా మందగిస్తుంది. బలం నెమ్మదిగా వస్తుంది కాబట్టి సెంట్రింగ్ తీయడానికి తొందరపడకూడదు. నేలలోనే సల్ఫేట్ ఎక్కువని పరీక్షలో తేలిన చోట పునాదుల సంగతి వేరు. అది ఇంజినీరు తేల్చాలి.

సముద్రపు ఇసుక కడిగి వాడవచ్చా? బోరు నీరు ఉప్పగా ఉంటే?

మంచినీటితో యాంత్రికంగా కడిగి, క్లోరైడ్ పరీక్ష చేయించిన ఇసుకను ప్రమాణాలకు లోబడి వాడవచ్చు. కుప్పపోసి నాలుగు బకెట్లు చల్లడాన్ని కడగడం అనరు. ఉప్పునీటిని కలపడానికీ వాడకూడదు, నీళ్లు కట్టడానికీ వాడకూడదు. ప్లాస్టరింగుకు ఫరవాలేదని కొందరంటారు. ఆ ఉప్పు గోడలోనే ఉండిపోయి ఏళ్ల తరబడి పెయింటును రాలుస్తుంది.

ఎపాక్సీ పూత కడ్డీలు, స్టెయిన్‌లెస్ కడ్డీలు, ఫైబర్ కడ్డీలు: వీటిలో ఏది నయం?

ఎపాక్సీ పూత కాగితం మీద బాగుంటుంది. అమెరికాలోని ఫ్లోరిడా కీస్ దీవులను కలిపే వంతెనల స్తంభాల్లో, తుంపర పడే మేర, ఈ పూత ఉన్న కడ్డీలు 1980 దశకంలోనే, అంటే కట్టిన కొద్ది ఏళ్లకే తుప్పు పట్టాయి. వంచేటప్పుడు, మోసేటప్పుడు పూతకు పడిన గాట్ల దగ్గర మొదలైన తుప్పు పూత కిందుగా పాకింది. వేడి, తేమ, ఉప్పు మూడూ కలిసే చోట, కడ్డీలను ఈడ్చుకెళ్లే పనిస్థలంలో, ఈ పూతను నమ్ముకుని కవరింగు తగ్గించడం నాకు సమ్మతం కాదు.

స్టెయిన్‌లెస్ కడ్డీకి మెక్సికోలోని ప్రోగ్రెసో రేవులో మంచి సాక్ష్యం ఉంది. 1940 ప్రాంతంలో స్టెయిన్‌లెస్ కడ్డీలతో కట్టిన, సముద్రంలోకి సాగి ఓడలు ఆగే పొడవైన వంతెన (పియర్) దశాబ్దాల తర్వాతా నిలిచి ఉంది. దాని పక్కనే తర్వాతి కాలంలో మామూలు ఉక్కుతో కట్టినది శిథిలమైపోయింది. ఖర్చు బాగా ఎక్కువ కాబట్టి భవనమంతా కాకుండా, సముద్రం వైపు బాల్కనీ అంచులు, సన్‌షేడ్లు, మెట్ల కొసలు వంటి సన్నని భాగాలకే వాడుకోవడం వివేకం. ఫైబర్ కడ్డీలు, అంటే గాజునార కడ్డీలు, అసలు తుప్పు పట్టవు, అయితే ఉక్కుతో పోలిస్తే వాటి బిగువు నాలుగో వంతే, పనిస్థలంలో వంచలేం, మంటల్లో త్వరగా బలం కోల్పోతాయి. కాబట్టి ఉక్కు బదులు అదే సైజులో పెట్టేయడం కుదరదు, డిజైనే వేరుగా చేయాలి.

రెయిలింగుకు 304 స్టెయిన్‌లెస్ స్టీలు సరిపోతుందా?

తీరంలో సరిపోదు. 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో వీటికి తోడు 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది, క్లోరైడ్ గుంటలను అడ్డుకోవడంలో తేడా అదే. 304 రెయిలింగు మీద కొన్ని నెలలకే టీ ఒలికినట్టు గోధుమ మరకలు వస్తాయి. బలం వెంటనే తగ్గదు, అందం మాత్రం పోతుంది.

అయితే 316 కొన్నంత మాత్రాన పని అయిపోలేదు. ఉపరితలం ఎంత నునుపుగా ఉంటే ఉప్పు అంత తక్కువగా నిలుస్తుంది. ముతక బ్రష్ ఫినిష్‌తో ఉన్న 316, అద్దంలా పాలిష్ చేసిన 316 కన్నా తొందరగా మరకలు పడుతుంది. గీతలు అడ్డంగా కాక నిలువుగా ఉంటే నీరు జారుతుంది. వెల్డింగు దగ్గర ఏర్పడే నీలి, గోధుమ రంగులను యాసిడ్ పేస్టుతో తీసివేయాలి. మామూలు ఇనుము కోసిన గ్రైండరు చక్రాన్నే స్టెయిన్‌లెస్‌కూ వాడితే, అంటుకున్న ఇనుప రజను మరునాటికే తుప్పు చుక్కలై కనిపిస్తుంది. ‘స్టెయిన్‌లెస్‌కు తుప్పు పట్టింది’ అనే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే.

గాల్వనైజ్ చేసిన ఇనుము ఎన్నేళ్లు వస్తుంది?

లెక్క వేసి చూడవచ్చు. 6 మి.మీ. కన్నా మందమైన ఉక్కును కరిగిన జింకులో ముంచి తీస్తే సగటున 85 మైక్రాన్ల పూత రావాలని ఐఎస్ఓ 1461 చెబుతుంది. సి5 వాతావరణంలో జింకు ఏడాదికి 4.2 నుంచి 8.4 మైక్రాన్లు పోతుంది, అంటే పది నుంచి ఇరవై ఏళ్లు. అదే దుకాణంలో దొరికే పసుపు లేదా తెలుపు మెరుపు స్క్రూల మీద విద్యుత్ పూతగా ఉండే జింకు 5 నుంచి 12 మైక్రాన్లు మాత్రమే కాబట్టి ఒకటి రెండేళ్లలో అయిపోతుంది. ఇరవై ఏళ్ల రేకును రెండేళ్ల స్క్రూతో బిగించడం తీరంలో రోజూ జరిగే పొరపాటు. స్క్రూ ఎప్పుడూ తాను బిగించే వస్తువు కన్నా మేలైనదిగా ఉండాలి.

భిన్న లోహాలు తడిలో తగులుకుంటే రెంటిలో రసాయనికంగా ఎక్కువ చురుకైన లోహం త్వరగా కరుగుతుంది. ఇందులో వైశాల్యం ముఖ్యం: పెద్ద అల్యూమినియం పలకలో చిన్న స్టెయిన్‌లెస్ స్క్రూ ఉంటే, మధ్యలో నైలాను లేదా రబ్బరు వాషరు వేసి నడిపించవచ్చు, పెద్ద స్టెయిన్‌లెస్ పలకలో చిన్న జింకు పూత స్క్రూ పెడితే ఆ స్క్రూ మిగలదు. రాగి గొట్టం మీదుగా కారే నీరు అల్యూమినియం లేదా జింకు రేకు మీద పడకూడదు. తడి సిమెంటు కూడా అల్యూమినియాన్ని తినేస్తుంది కాబట్టి, కిటికీ ఫ్రేములను గోడలో పెట్టేటప్పుడు బిటుమెన్ పూతో టేపో ఉండాలి. అల్యూమినియం ఫ్రేములకు అనోడైజింగ్ పొర (విద్యుత్తుతో మందం చేసిన ఆక్సైడ్ పొర) 25 మైక్రాన్లు ఉండేలా అడగాలి.

పైకప్పుకు రేకులు మంచివా, పెంకులు మంచివా?

తుప్పు దృష్టితో చూస్తే బాగా కాలిన మట్టి పెంకులకు భయం లేదు. వాటిని పట్టి ఉంచే మేకులు, తీగలు, కింది రీపర్లకే భయం. రేకుల్లో 55 శాతం అల్యూమినియం, 43.4 శాతం జింకు, 1.6 శాతం సిలికాన్ ఉన్న పూత మామూలు జింకు పూత కన్నా చాలా మేలు. అలలకు మరీ దగ్గరైతే అల్యూమినియం రేకులకే మొగ్గు చూపాలి. రేకుల వారంటీలో సముద్రం నుంచి ఎన్ని మీటర్ల లోపల అది వర్తించదో రాసి ఉంటుంది, కొనేముందే చదవాలి. రేకులను రాపిడి చక్రంతో కోస్తే ఎగిరే నిప్పురవ్వలు పూతను కాల్చి అక్కడే అతుక్కుంటాయి. కత్తెరతో లేదా నిబ్లరుతో కోయించి, రజనంతా అదే రోజు ఊడ్పించాలి.

తుఫానుల విషయంలో రేకు మందం కన్నా బిగింపు ముఖ్యం. 1974 డిసెంబరు 25న ట్రేసీ తుఫాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని నేలమట్టం చేసినప్పుడు రేకుల్లో చాలా భాగం ఒక్క ఊపులో ఎగిరిపోలేదు. గాలి తెరలు తెరలుగా వేల సార్లు లేపి వదలడంతో స్క్రూల చుట్టూ లోహం అలసి, సన్నని చీలికలు పడి, ఆపైన ఊడిపోయాయి. దాని తర్వాతనే రేకులను మారుమార్లు లాగి పరీక్షించే పద్ధతి నిబంధనల్లోకి వచ్చింది. గాలి పీల్పు మూలల్లో, చూరు అంచుల్లో, నడికొప్పు దగ్గర అత్యధికం కాబట్టి అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా, వెడల్పు వాషర్లతో ఉండాలి. రేకు నుంచి వాసానికి, వాసం నుంచి గోడకు, గోడ నుంచి పునాదికి బిగింపు ఎక్కడా తెగకూడదు.

కలప వాడవచ్చా?

నిస్సందేహంగా వాడవచ్చు; ఉప్పు కలపను తినదు, నిలిచిన నీరు తింటుంది. కలపలో తేమ 20 శాతానికి లోపు ఉంటే కుళ్లు పుట్టదు. 80 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో నీడన ఉన్న కలప సుమారు 16 శాతం దగ్గర నిలుస్తుంది, అంటే హద్దుకు మిగిలే ఎడం తక్కువ. ఆ ఎడాన్ని కాపాడేది అమరికే. స్తంభాన్ని నేల గచ్చులో పాతిపెట్టకుండా, గాల్వనైజ్ చేసిన లేదా స్టెయిన్‌లెస్ బూటు మీద కొంత ఎత్తున నిలబెట్టాలి. కోసిన కొస ముఖం పక్క ముఖాల కన్నా ఎన్నో రెట్లు వేగంగా నీరు పీలుస్తుంది కాబట్టి, బిగించడానికి ముందే ఆ కొసలకు మందుగానీ నూనె పూతగానీ నిండుగా పట్టించాలి. బిగించాక అక్కడికి కుంచె చేరదు. దూలం కొసను గోడలో పెట్టి చుట్టూ సిమెంటుతో మూసేయకుండా, పక్కల గాలి ఆడేలా ఖాళీ వదలాలి.

టేకు గట్టిదన్న పేరంతా చేవకే, అంటే లోపలి ముదురు చెక్కకే, చెందుతుంది. లేత రంగు తెల్లచెక్కకు చెదలనుంచి రక్షణ లేదు. రాగి లవణాలతో శుద్ధిచేసిన కలపలో మామూలు జింకు మేకులు త్వరగా పోతాయి, స్టెయిన్‌లెస్ వాడాలి. బోరాక్స్, బోరిక్ యాసిడ్ మందు పట్టించిన వెదురు ఇంటిలోపల బాగా పనిచేస్తుంది. వానకు వదిలితే మందు కరిగి కొట్టుకుపోతుంది.

గోడకు ఉప్పు పూసి పెయింటు పొట్టులా రాలుతోంది. వాటర్‌ప్రూఫ్ పెయింటు వేస్తే ఆగుతుందా?

చాలా సందర్భాల్లో ఇంకా ముదురుతుంది. గోడలో కరిగి ఉన్న ఉప్పు నీటితోపాటు పైకి ప్రయాణించి, నీరు ఆవిరయ్యే చోట స్ఫటికాలుగా మారుతుంది. గోడ ఊపిరి తీసుకోగలిగితే స్ఫటికాలు పైన తెల్లని పొడిగా వస్తాయి, తుడిచేయవచ్చు. ఆవిరిని ఆపే మందపాటి పూత వేస్తే అవి ప్లాస్టరింగు లోపలే పెరిగి దాన్ని పొడిపొడి చేస్తాయి. ముందుగా నీరు ఎక్కడినుంచి వస్తోందో కనుక్కోవాలి: నేలలోంచి ఎగబాకుతోందా, పిట్టగోడ పగుళ్లలోంచి దిగుతోందా, కిటికీ మూలలోంచి చేరుతోందా. నేలచెమ్మ అయితే ప్లింత్ మట్టంలో తేమ అడ్డుపొర ఉందా, దాన్ని దాటి బయటి ప్లాస్టరింగో, పోసిన మట్టో పైకి వచ్చిందా అని చూడాలి. మూలం ఆగాక, ఉప్పెక్కిన ప్లాస్టరింగును తడి గీత పైకి అర మీటరు వరకు కొట్టేసి, గోడను ఆరనిచ్చి, సున్నపు ప్లాస్టరింగు, దానిపై సిలికేట్ లేదా సున్నపు పూత వేయడం మేలు. సరిగా కాలని ఇటుకలు ఈ ఉప్పుకు ముందుగా రాలిపోతాయి, తీరంలో వాటిని పేరుస్తున్నప్పుడే పక్కన పడేయాలి.

ఏసీ గదిలో గోడలకు బూజు ఎందుకు పడుతోంది?

30 డిగ్రీల వేడి, 80 శాతం ఆర్ద్రత ఉన్న బయటిగాలి మంచుబిందువు సుమారు 26 డిగ్రీలు. అంటే ఆ గాలి 24 డిగ్రీలకు చల్లబడిన ఏ ఉపరితలాన్ని తాకినా అక్కడ చెమరుస్తుంది. చల్లని దేశాల్లో తేమ ఇంటిలోంచి బయటికి వెళ్తుంది, అందుకే అక్కడ ఆవిరి అడ్డుపొరను గోడ లోపలివైపు పెడతారు. ఇక్కడ తేమ బయటినుంచి లోపలికి వస్తుంది. అడ్డుపొర వెలుపలివైపే ఉండాలి. బయటి గోడకు లోపలివైపు వినైల్ వాల్‌పేపరు అంటించడమంటే, వస్తున్న తేమను సరిగ్గా చల్లని పొర వెనక ఆపి బూజుకు పడక వేయడమే. ఉపరితలం దగ్గర ఆర్ద్రత చాలాకాలం 80 శాతం దాటి ఉంటే బూజు పుడుతుంది కాబట్టి, గదిలో 60 శాతానికి లోపు ఉంచాలి. అవసరానికి మించిన పెద్ద ఏసీ గదిని త్వరగా చల్లార్చి ఆగిపోతుంది గానీ తేమను తీయదు. బీరువాలను బయటి గోడకు ఆనించకుండా నాలుగు వేళ్ల ఎడం వదలాలి.

లోపలి పనికి ఏ బోర్డులు వాడాలి?

చెక్క నారనూ పొట్టునూ జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్, పార్టికల్ బోర్డులు తీరంలో అంచులనుంచి ఉబ్బుతాయి. వంటగది, స్నానాల గదుల పక్కన వీటికి చోటు లేదు. మరుగునీటిని తట్టుకునే జిగురుతో చేసిన ప్లైవుడ్, ఫైబర్ సిమెంటు బోర్డు, పీవీసీ బోర్డు నిలుస్తాయి. మెగ్నీషియం ఆక్సైడ్ బోర్డుల విషయంలో జాగ్రత్త అవసరం. డెన్మార్క్‌లో 2010 దశకంలో బయటి గోడల్లో విరివిగా వాడిన ఇలాంటి బోర్డుల్లో మెగ్నీషియం క్లోరైడ్ మిగిలి ఉండి, అవి తేమ పీల్చుకుని ఉప్పునీటి చుక్కలు కార్చాయి, స్క్రూలను తుప్పు పట్టించాయి. చలిదేశంలోనే అలా జరిగితే ఇక్కడ వేరే చెప్పనక్కర్లేదు.

సన్‌షేడ్, కిటికీ, పిట్టగోడల దగ్గర ఏ వివరాలు తప్పక అడగాలి?

సన్‌షేడ్ అడుగున అంచుకు 25 మి.మీ. లోపలగా, సుమారు 12 మి.మీ. వెడల్పు, అంతే లోతున్న గాడి ఉండాలి. అది లేకపోతే నీటిచుక్క కింది ముఖం వెంబడి గోడదాకా పాకుతుంది. గాడిని గోడదాకా తీసుకెళ్లకుండా కొద్దిగా ముందే ఆపాలి. ప్లాస్టరింగు చేసేవారు సన్నని రీపరు పెట్టి అయిదు నిమిషాల్లో చేసే పని ఇది, పెయింటర్లు దాన్ని పుట్టీతో పూడ్చకుండా చూడడం మరో పని. పిట్టగోడ పైభాగం మట్టంగా కాక మేడ లోపలివైపు వాలి ఉండాలి. కిటికీ కింది పలక వెలుపలికి వాలి, గోడను దాటి వచ్చి, రెండు చివర్లా కొద్దిగా లేచి ఉండాలి. కిటికీ పట్టాల్లో నీరు పోయే రంధ్రాలు సిలికాన్‌తో మూసుకుపోతే, ఎంత ఖరీదైన కిటికీ అయినా తొట్టిలా నిండుతుంది. కీళ్ల సందుల్లో నింపే సీలెంటు లోతు వెడల్పులో సగమే ఉండేలా వెనుక నురగ తాడు పెట్టాలి. మూడువైపులా అంటుకున్న సీలెంటు సాగలేక చీలుతుంది.

యూపీవీసీ కిటికీలకు ఉప్పు భయం లేదని చెప్పేది నిజమే, కానీ వాటి మడతబందులు, గొళ్లేలు, లోపలి ఉక్కు పట్టీలు ఏ లోహమో అడగకుండా కొనకూడదు.

స్లాబు అడుగున పెచ్చులు ఊడాయి. పైన సిమెంటు పూస్తే సరిపోతుందా?

సరిపోదు. ఊడిన చోట కొత్త సిమెంటు పూస్తే ఆ కడ్డీ భాగం భద్రమవుతుంది గానీ, చుట్టూ ఇంకా క్లోరైడ్ నిండిన పాత కాంక్రీటు అలాగే ఉంటుంది. ఇంతకుముందు తుప్పు పట్టిన భాగం తాను అరుగుతూ పక్క భాగాలను కాపాడింది. ఇప్పుడు ఆ రక్షణ పోయి, అతుకు చుట్టూ కొత్త వలయంలా తుప్పు మొదలవుతుంది. అందుకే మొదట సుత్తితో తట్టి గుల్ల శబ్దం వచ్చే మేరంతా గుర్తుపెట్టాలి. కడ్డీ వెనక్కు 20 నుంచి 25 మి.మీ. వరకు కాంక్రీటు తీసి, కడ్డీ చుట్టుకొలతంతా మెరిసేదాకా శుభ్రం చేసి, సన్నబడిన కడ్డీకి తోడు కడ్డీ కట్టి, పాలిమర్ మార్టారుతో నింపాలి. అతుకు అంచుల దగ్గర కడ్డీకి చిన్న జింకు ఆనోడ్లు (కడ్డీకి బదులు తాము అరిగే ముక్కలు) కట్టే పద్ధతి ఈ వలయపు తుప్పును చాలాకాలం వాయిదా వేస్తుంది. కడ్డీలు చాలాచోట్ల సన్నబడినట్టు కనిపిస్తే, ఏ పనీ మొదలుపెట్టకముందే స్ట్రక్చరల్ ఇంజినీరును పిలవాలి, స్లాబుకు కింద ఆసరా పెట్టించాలి.

నిర్వహణకు ఏమేం చేయాలి?

మూడు నాలుగు నెలలకొకసారి మంచినీటి గొట్టంతో గ్రిల్స్, రెయిలింగులు, కిటికీ పట్టాలు, ఏసీ బయటి యూనిట్లు, ముఖ్యంగా వాన తగలని చూరు అడుగులు కడగాలి. తీవ్రమైన గాలివాన తర్వాత, వరుసగా పొడిగాలులు వీచిన కాలం తర్వాత ఇంకొకసారి కడగాలి. ఉక్కు మీద పెయింటు లేచిన చోటు రూపాయి బిళ్లంత ఉన్నప్పుడే గీకి, ముందు మంచినీటితో ఉప్పు కడిగి, ఆరాక ప్రైమరు పూయాలి. ఉప్పు మీద పూసిన ప్రైమరు కింద తుప్పు ఆగదు. కొత్త గ్రిల్స్ చేయించేటప్పుడు ఊచల పదును అంచులను గుండ్రంగా రుద్దించాలి, ఎందుకంటే పెయింటు పదును అంచు మీద నిలవక పలచబడుతుంది. పెట్టె గొట్టాల చివరలు పూర్తిగా మూయించాలి, లేదా కింద నీరు కారే రంధ్రమైనా పెట్టించాలి.